లిఫ్టాయన గుండె విషయంలో నా మాట

ఆస్పత్రి వెనక వీధి,
మెట్ల కింది గది.
వానలు మొదలైన నెల.

గుండె బొమ్మల చదువు చెప్పే పెద్ద డాక్టరమ్మకు,

నేను నిప్పులమ్మను. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో కాగితం ఒకటి చెబుతుంది, నా మోకాళ్ళు ఇంకొకటి చెబుతాయి. నేను మోకాళ్ళ మాటే నమ్ముతాను. మీ ఆస్పత్రి వెనక వీధిలో నాకు రెండు గదులున్నాయి. మెట్ల కింది దాంట్లో నేనూ నా ఇస్త్రీ బల్లా ఉంటాం, పై దాంట్లో కొడుకూ కోడలూ ఉంటారు. కొడుకు లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు కాబట్టి వాణ్ణి ఇంట్లో మనిషిగా లెక్కేయను. మా ఆయన మీ ఆస్పత్రిలో లిఫ్టు నడిపేవాడు. పోయి మూడేళ్ళు దాటింది. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. అది తన సొంత తెలివి కలిపేస్తుందేమోనని, పక్కింటి పోస్టాయన చేత మొత్తం చదివించుకుని విన్నాకే వేలిముద్ర వేస్తాను. (ఈ మాట నా ముందే చెప్పి నా చేతే రాయించింది అత్తయ్య. — కోడలు)

ఇక నా ఫిర్యాదు.

పోయిన వారం బీపీ చూపించుకుందామని వచ్చాను. లిఫ్టులో ఇప్పుడు మనిషి లేడు, మీటలే ఉన్నాయి. నాకు అంకెలు రావు. ఏదో ఒకటి నొక్కితే మూడో అంతస్తులో తేలాను. ఒకప్పుడు దుప్పట్లు పెట్టే గది ఉండేది చూడు, అక్కడ. అందులోంచి కుర్రాళ్ళూ ఆడపిల్లలూ నవ్వుకుంటూ బయటికొస్తున్నారు. ఒకడు అంటున్నాడు గదా, "తాతయ్యను ఈసారి అందరికంటే ఫాస్టుగా చంపేశాం రా!" అని. నా చెవులతో విన్నాను. వాళ్ళు పోయేదాకా ఆగాను. లోపలికెళ్ళాను. ఒక పిల్ల సెల్లు మర్చిపోయినట్టుంది, తిరిగి వచ్చింది.

"ఎవర్నే మీరు చంపింది?" అన్నాను.

అదిరిపడింది. "అయ్యో, మనిషిని కాదు అమ్మమ్మా! కంప్యూటర్లో గుండె. బొమ్మ."

"ఎవరి గుండె?"

"లిఫ్టు తాతయ్యది. ఎప్పుడో ఇక్కడ పనిచేసేవారంట. స్కానింగు నేర్చుకునే డాక్టర్లూ, మాలాంటి లెక్కలవాళ్ళూ, అందరం ఆయన గుండె మీదే నేర్చుకుంటాం."

"నేనెవరో తెలుసా?"

"తెలీదండీ."

"ఆ తాతయ్య పెళ్ళాన్ని."

పాపం, కుర్చీ లాగింది. నేను కూర్చోలేదు. అది ఏదో మీట నొక్కితే తెర మీద గుండె కొట్టుకోవడం మొదలెట్టింది. చూశాను. ఒళ్ళు మండింది. అది కుడి చేతి వైపుకి ఒరిగి ఉంది! మా ఆయన గుండె ఎడమ పక్కన కొట్టుకునేది. పెళ్ళైన నాటి నుంచీ అటు పక్కనే తల పెట్టుకు పడుకున్నదాన్ని, నాకు తెలియదా? అడిగితే ఆ పిల్ల "అది చూసే పద్ధతి అమ్మమ్మా" అని నసిగింది.

కాబట్టి నేను చెప్పొచ్చేదేమంటే, అది ఆయన గుండె కాకపోతే, ఎవరిదో గుండెకి ఆయన పేరెందుకు? పేరు తీసెయ్యండి. ఆయనదే అయితే, చచ్చినవాణ్ణి పట్టుకుని బ్యాచికొకసారి చంపడానికి మీకెవరు ఒప్పుకున్నారు? తీసెయ్యండి. రెండింట్లో ఏదైనా సరే, తీసెయ్యడం మాత్రం తప్పదు. జవాబు రాకపోతే నేనే వస్తాను. వచ్చానంటే మీకే బాగోదు.

ఇట్లు,
నిప్పులమ్మ (వేలిముద్ర)


హృదయ చిత్రణ, నమూనాల శిక్షణ విభాగం,
మూడో అంతస్తు.

గౌరవనీయులైన శ్రీమతి గారికి,

మీ ఫిర్యాదు అందినది. మీ భర్తగారు తమ జీవితకాలంలో ఇచ్చిన అంగీకార పత్రం ప్రకారం వారి స్కాను చిత్రాల ఆధారంగా ఒక గణన నమూనా తయారుచేయబడి, శిక్షణార్థుల అభ్యాసానికి ఉపయోగించబడుచున్నది. సదరు నమూనా వారిదేనని ధ్రువీకరించుచున్నాము. అభ్యాసంలో భాగంగా నమూనా పనితీరును తాత్కాలికంగా నిలిపివేయుట జరుగును. దీనివలన ఎవరికీ ఎటువంటి హాని లేదు.

అంగీకారాన్ని ఉపసంహరించుకొను హక్కు సమీప బంధువుగా మీకు కలదు. మీ నిర్ణయం లిఖితపూర్వకంగా తెలిపినచో నమూనా తొలగించబడును. ఒకసారి తొలగించిన పిమ్మట తిరిగి పొందుట సాధ్యం కాదు. శీతాకాలంలో కొత్త బ్యాచి ప్రారంభమగునందున అంతకు ముందుగా తెలుపగోరుచున్నాము.

భవదీయురాలు,
శిక్షణ విభాగాధిపతి


మెట్ల కింది గది.
వానలు ముదిరిన నెల.

చల్లచేతుల పిల్లా,

అవును, నువ్వే. పోస్టాయన నీ ఉత్తరం రెండుసార్లు చదివాడు, ఎందుకంటే మొదటిసారి అందులో మనిషి అనేవాళ్ళెవరూ కనపడలేదు. చివర్లో సంతకం కింద పేరు చదివితే, ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. నీళ్ళ పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు తట్టింది. ఇది మా చల్లచేతుల పిల్ల పేరు కదూ! అంత పెద్దదానివైపోయావా? అయి, నిప్పులమ్మకి "సదరు" అని రాస్తావా? నాకు బట్టలు సదురుకోవడం తెలుసు గానీ ఈ సదరు ఏమిటో తెలీదు.

నీకు గుర్తు లేదేమో, నేను గుర్తు చేస్తాను. ఆ మూడో అంతస్తు గదిలో అప్పుడు సగం దుప్పట్లే. మూల ఒక మంచం, దాని పక్కన గుండె చూసే చక్రాల మిషను, ఒక చక్రం తిరిగేది కాదు. ఈడ్చినప్పుడల్లా కీచుమనేది, అప్పట్లో ఆస్పత్రి కింది అంతస్తులో మీ తెల్లకోట్లు ఇస్త్రీ చేసుకునే నాకు వినపడేది. మీరు నేర్చుకోవాలంటే పడుకునే మనిషి కావాలి. రోగులు ఒప్పుకోరాయె, "నేర్చుకునేవాళ్ళు మాకొద్దు, నేర్చుకున్నవాళ్ళనే పంపండి" అనేవాళ్ళు. అప్పుడు మా ఆయన డ్యూటీ దిగి, చొక్కా విప్పి పడుకున్నాడు. "నేను ఎలాగూ పడుకుంటాను, మీరు ఎలాగైనా నేర్చుకోండి" అన్నాడట.

మొదటి రోజు నువ్వు చెయ్యి వేస్తే ఎగిరిపడ్డాడు. ఇంటికొచ్చి ఎంత నవ్వాడనుకున్నావు! "ఒక పిల్ల వచ్చిందే, చెయ్యి కాదది, ఐసుగడ్డ. పైగా ఊపిరి బిగబట్టమని చెప్పడానికి దానికి ఊపిరి చాలట్లేదు" అన్నాడు. ఆయనే నేర్పాడు నీకు, "అంతస్తు పేరు చెప్పినట్టు చెప్పమ్మా, భయపడితే ఎక్కినవాడు దిగడు" అని. నువ్వు మెట్ల మీద ఏడ్చి నా బల్ల దగ్గరికొచ్చేదానివి. అప్పుడే ఇస్త్రీ తీసిన తెల్లకోటులో రెండు చేతులూ దోపుకుని నిలబడేదానివి. కోటు నలిపేస్తున్నావని తిట్టేదాన్ని. చేతులు వెచ్చబడ్డాక పైకి పరిగెత్తేదానివి. అలా నలిపిన కోటు మళ్ళీ ఇస్త్రీ చేసింది ఎవరు, నీ సదరు చేసిందా?

ఆయన ఇంటికొచ్చేసరికి ఛాతీ అంతా మీరు మిషను కోసం పూసిన జిగట. బనియను అంటుకుపోయేది. వేడినీళ్ళ గుడ్డతో తుడుస్తూ అడిగేదాన్ని, "ఏం కనపడిందయ్యా వాళ్ళకి నీ గుండెలో?" అని. "నాలుగు గదులున్నాయటే. మనకంటే రెండెక్కువ" అనేవాడు.

అంతవరకే నాకు తెలుసు. చక్రాల మిషను వరకే. ఈ కంప్యూటర్ గుండె సంగతి ఆయన నాకు చెప్పలేదు. అందుకే అది ఆయనది కాదంటున్నాను. నాకు చెప్పకుండా ఏ పనీ చేసేవాడు కాదు. (చెప్పకుండా చేసినవి చాలా ఉన్నాయని అత్తయ్యే నాతో అంది. రాయొద్దంది. — కోడలు)

నాకు కాగితం జవాబు వద్దు. నీ జవాబు కావాలి. అది కుడి పక్కన ఎందుకుంది?

నిప్పులమ్మ


మూడో అంతస్తు, నా గది.

పిన్నీ,

మీ మొదటి ఉత్తరం విప్పగానే మీరేనని తెలిసింది. ఏం రాయాలో తోచలేదు. ఆఫీసు పద్ధతి చేతికి దొరికింది, దాని వెనక దాక్కున్నాను. "సదరు" మాట మీద మీరు అన్నది మా క్లాసులో చదివి వినిపించాను. పిల్లలు పడీ పడీ నవ్వారు, నన్ను చూసి.

మీరు అడిగినదానికి ముందు జవాబు చెబుతాను. ఒక చొక్కా తీసుకుని ఇస్త్రీ బల్ల మీద వెల్లకిలా పరవండి, గుండీలు పైకి, కాలరు అవతలికి. జేబు మీ ఏ చేతి వైపు వచ్చింది? చూశాక ఇది చదివించుకోండి. మేం బాబాయిని ఎదురుగా నిలబడి చూస్తాం. ఆయన ఎడమ మా కుడి చేతి వైపుకి వస్తుంది. మీరు ఆయన పక్కన పడుకుని చూశారు. ఇద్దరం చూసింది ఒక్క గుండెనే.

బాబాయి రిటైరయ్యే ముందు ఏడాది సొరంగం లాంటి పెద్ద మిషను వచ్చింది. మనిషిని లోపలికి తోసి, ఊపిరి బిగబట్టించి, గుండెను పొరలు పొరలుగా బొమ్మలు తీస్తుంది. మాకు అలవాటు పడ్డ గుండె ఆయనదే కాబట్టి మళ్ళీ ఆయన్నే అడిగాం. బల్ల లోపలికి వెళ్తుంటే, "ఏ అంతస్తమ్మా?" అని అరిచారు. నవ్వు ఆపుకోలేక మొదటి బొమ్మలన్నీ చెడగొట్టాను. ఆ బొమ్మల నుంచి గుండె ఆకారం గీసి, దాన్ని చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టి, ఏ గడి ఎప్పుడు బిగుసుకోవాలో, ఎంత వదులవ్వాలో లెక్కలుగా రాశాం. ఆ లెక్క నడుస్తున్నంతసేపూ గుండె కొట్టుకుంటుంది. అదే మీరు చూసింది.

ఈ చదువుకి రెండు రకాల పిల్లలు వస్తారు. స్కాను చూసే డాక్టర్లకు లెక్కలంటే భయం. లెక్కల పిల్లలు అసలు గుండెను ఎప్పుడూ చూసి ఉండరు. ఒకళ్ళ భాష ఒకళ్ళకు తెలియదు. బాబాయి గుండె ముందు జంటలుగా కూర్చోబెడతాను. ఒక సన్నని రక్తనాళం మూసేస్తాం. అటు పక్క గోడ వదులైపోతుంది. ఎక్కడ మూసుకుందో ఒకరు కనిపెట్టాలి, తెరిస్తే ఎంత గోడ మిగులుతుందో రెండోవాళ్ళు లెక్క కట్టాలి. ఆలస్యమైతే గుండె ఆగిపోతుంది. దాన్నే వాళ్ళు చంపడం అంటారు. కొందరు పిచ్చి పిల్లలు ఎవరు త్వరగా ఆపుతారో పందేలు కూడా వేసుకుంటారు. గట్టిగా చీవాట్లు పెట్టాను. కానీ పిన్నీ, ఆలస్యం చేయడం అంటే ఏమిటో వాళ్ళకి బాబాయి దగ్గరే తెలియాలి. బతికున్న మనిషి దగ్గర తెలియకూడదు.

ఆయన మీకు ఎందుకు చెప్పలేదో కూడా రాస్తాను. సంతకం పెట్టిన రోజున, "మీ ఇంట్లో చెప్పారా బాబాయ్?" అని అడిగాను. "చెబుతాను. ఆవిడకి చెప్పాలంటే సమయం చూసుకోవాలమ్మా" అన్నారు. తర్వాత ఎప్పుడడిగినా, "ఇంకా చూసుకుంటున్నాను" అనేవారు.

తీసేయమంటే తీసేస్తాను. వాదించను. దాని బదులు ఎవరిదో తెలియని గుండె ఒకటి కొనుక్కోవచ్చు. అది బాగానే కొట్టుకుంటుంది. చలి మొదలయ్యాక కొత్త పిల్లలొస్తారు. ఆలోగా మీ మాట కావాలి.

మీ
చల్లచేతులు


మెట్ల కింది గది.
వానలు వెనక్కి తగ్గిన నెల.

అమ్మాయ్,

చొక్కా పరిచాను. జేబు కుడి చేతి వైపే వచ్చింది. చొక్కా తిప్పి చూశాను, వేరే చొక్కా పరిచాను, పోస్టాయన ఒంటి మీద చొక్కా కూడా విప్పించాను.

"నా చొక్కాలో తేడా ఏముంటుందమ్మా?" అన్నాడు.

"నువ్వు మాట్లాడకు, చలేస్తే దుప్పటి కప్పుకో" అన్నాను.

ఇంత వయసొచ్చేదాకా జేబుల మీద ఇస్త్రీ పెట్టె తిప్పాను. ఎప్పుడూ ఇలా అనుకోలేదు. సరే. అది ఆయన గుండే. ఒప్పుకున్నాను. (ఓడిపోయాను అంది. తర్వాత ఒప్పుకున్నాను అని మార్పించింది. — కోడలు)

సమయం చూసుకున్నాడట, సమయం! ఒకే గదిలో పక్కపక్కన బతికినవాళ్ళకి సమయం దొరకలేదా? చెబితే నేనేమనేదాన్ని? తిట్టేదాన్ని. తిట్టాక ఒప్పుకునేదాన్ని. అది ఆయనకి తెలుసు. ఆ తిట్లకి భయపడి చెప్పకుండా పోయాడు. ఇప్పుడు ఎవర్ని తిట్టను? అందుకే నిన్ను తిట్టాను.

నీకు ఒక సంగతి చెప్పలేదు. కోడలికి కూడా ఇప్పుడే చెబుతున్నాను. అది కలం పట్టుకుని నోరెళ్ళబెట్టి చూస్తోంది, రాయవే.

ఆ రోజు ఆ పిల్ల సెల్లు కోసం రాకముందు కాసేపు గదిలో నేను ఒక్కదాన్నే ఉన్నాను. లైట్లన్నీ వెలుగుతున్నాయి. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఎదురుగా పెద్ద తెర మీద గుండె. కదలడం లేదు. ఎవరిదో నాకు తెలియదు అప్పటికి. పక్కన పేరు రాసి ఉందిట, నాకు చదవడం రాదుగా. ఎవరిదైతేనేం, ఒక గుండె ఆగిపోయి ఉంది, ఆపినవాళ్ళు టీకి వెళ్ళారు. గదిలో దిక్కూ మొక్కూ లేదు. నాకు ఏం చెయ్యాలో తెలియలేదు. అలా వదిలేసి వచ్చేయలేకపోయాను. ఎవరో ఒకరు ఉండాలి కదా అని అక్కడే నిలబడ్డాను. ఆ తర్వాత ఆ పిల్ల వచ్చింది, ఎవరిదో చెప్పింది.

చంపడం మీద కాదు నా కోపం. నువ్వు చెప్పింది నాకు అర్థమైంది. నేనూ ఇస్త్రీ నేర్చుకునేటప్పుడు మా అత్తగారి చీర కాల్చాను. ఎవరిదో ఒకరిది కాలాలి. కానీ కాల్చి, అలాగే బల్ల మీద వదిలేసి వెళ్ళిపోలేదు.

ఇంకోటి. ఆయన పోయాడు. నేను ఏడవాల్సింది ఏడ్చేశాను. ఆయన చొక్కాలు వీధిలో తలా ఒకటి ఇచ్చేశాను. ఇప్పుడు ఆ వీధి చివర, మూడో అంతస్తులో కొట్టుకుంటున్నాడని తెలిశాక నేనెవర్ని? మొగుడు ఉన్నదాన్నా, లేనిదాన్నా? పోస్టాయన్ని అడిగితే, "ఆస్పత్రి వేళల్లో ఉన్నదానివి" అన్నాడు. వాడికి వేళాకోళం ఎక్కువైంది.

నా మాట విను. తీసెయ్యమని ఇప్పుడే చెప్పను. వచ్చే బ్యాచి చూస్తాను. చంపుకోండి, నేర్చుకోండి. కానీ ఎవరు ఆపితే వాళ్ళు మళ్ళీ కొట్టించాకే గది వదలాలి. టీ అయినా, భోజనమైనా, ఇంటికైనా సరే. ఆగిన గుండెను ఒంటరిగా వదిలి ఒక్కడు బయటికి వచ్చాడని నా చెవిన పడిందా, ఆ పూటే తీసెయ్యమంటాను. కడిగిన పళ్ళెంలా చేసెయ్యాలి, ఒక్క గడి కూడా మిగలకూడదు. కొత్త పిల్లలకి ఈ ఉత్తరం చదివి వినిపించు. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయి. నన్ను బుజ్జగించాలని అందంగా రాశావో, పోస్టాయన చదివే తీరులోనే కనిపెట్టేస్తాను.

నిప్పులమ్మ


మూడో అంతస్తు, శిక్షణ గది.
చలి మొదలైన నెల.

పిన్నీ,

ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

కొత్త పిల్లలు వచ్చారు. మొదటి రోజు మీ ఉత్తరం మొత్తం చదివాను. చొక్కా విప్పించిన చోట నవ్వారు. ఖాళీ గది దగ్గర ఎవరూ నవ్వలేదు. ఇది ఈ గది నియమం అని చెప్పాను. ఇష్టం లేనివాళ్ళు కొన్న గుండె మీద నేర్చుకోవచ్చన్నాను. అందరూ బాబాయి దగ్గరే కూర్చున్నారు.

కొన్నాళ్ళు బాగానే జరిగింది. ఆపడం, కొట్టించడం, టీకి పోవడం. నిన్న చిక్కొచ్చింది. ఒక డాక్టరు అబ్బాయి, ఒక లెక్కల అమ్మాయి జంటగా కూర్చున్నారు. అబ్బాయికి తొందరెక్కువ, అమ్మాయికి సందేహాలెక్కువ. వాళ్ళ చేతిలో గుండె ఆగింది. మళ్ళీ కొట్టించబోతే బెలూన్‌లా ఉబ్బిపోయి, లెక్క మధ్యలోనే చెదిరి ఆగిపోయింది. మళ్ళీ చేశారు, మళ్ళీ ఉబ్బింది. ఇంతలో భోజనానికి వేళైంది.

వెనక వరస నుంచి ఒకడు లేచాడు. "అన్నీ సేవ్ అయ్యే ఉంటాయి కదా మేడమ్, తినొచ్చి చూసుకుంటారు" అన్నాడు.

ఇది వాళ్ళే తేల్చుకోవాలని నేను కలగజేసుకోలేదు.

"కూర్చోరా" అంది వాడి పక్కనున్న పిల్ల.

"నేను ఆపలేదుగా. ఆపినవాళ్ళు కదా ఉండాల్సింది."

"అంటే మీ వార్డులో ఇంకోడి పేషెంటు అయితే చూస్తూ వెళ్ళిపోతావా?"

వాడు కూర్చున్నాడు. తర్వాత కుర్చీ లాక్కుని ఆ జంట దగ్గరికే వెళ్ళాడు. ఒక్కొక్కరుగా అందరూ అక్కడ చేరారు. ఆ డాక్టరు అబ్బాయి తెర దగ్గర వేలు పెట్టి, "గోడ ఇక్కడ ఇంత పల్చగా సాగదు. మనిషి గుండె ఎవరిదీ ఇలా సాగదు" అన్నాడు. లెక్కల అమ్మాయి అది విని తను రాసిన అంకెలన్నీ మొదటి నుంచి పైకి చదవడం మొదలెట్టింది. గోడ ఎంత గట్టిగా ఉండాలో చెప్పే చోట ఒక సున్నా తక్కువ పడింది. ఒక్క సున్నా. దిద్దింది. మీట నొక్కింది. కాసేపు ఏమీ లేదు. అందరూ ఊపిరి బిగబట్టారు, ఎవరూ చెప్పకుండానే.

కొట్టుకుంది పిన్నీ. అబ్బాయికి లెక్క భాష, అమ్మాయికి గుండె భాష తెలియాలని నేను ఎన్ని పాఠాలు చెప్పానో! ఒక్క పూటలో వాళ్ళే ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారు. ఆ అమ్మాయి చేతులు పట్టుకున్నాను. నా చేతులకంటే చల్లగా ఉన్నాయి.

అప్పటికి క్యాంటీన్ మూసేశారు. ఎవరూ తినలేదు. సాయంత్రం క్లాసులో అందరి కడుపులూ కూశాయి, ఆ మాట కూడా దాచను.

ఇదీ జరిగింది. ఇప్పుడు మీ నిర్ణయం రాయించండి. మీరు చూస్తానన్న బ్యాచి ఇదే. ఏది రాసినా అలాగే చేస్తాను.

చల్లచేతులు


మెట్ల కింది గది.
అదే నెల.

అమ్మాయ్,

ఇది ఉత్తరం కాదు, నా నిర్ణయం. దాచిపెట్టుకో.

లిఫ్టాయన పెళ్ళాన్ని నేను, ఒంట్లో తెలివి ఉండి, ఎవరూ బలవంతం చెయ్యకుండా, చెయ్యగలిగినవాడు పుట్టలేదు కూడా, చెబుతున్నాను. ఆయన గుండె తీసెయ్యొద్దు. నేనున్నా, నేను పోయినా తీసెయ్యొద్దు. నా కొడుకు వచ్చి అడిగినా ఇవ్వొద్దు. నేర్చుకునేవాళ్ళు వస్తున్నన్నాళ్ళూ అక్కడే ఉండనీ. నేను వారానికొకసారి వస్తాను. మూడో అంతస్తు మీట ఏదో కోడలు చూపించింది. కుర్చీ వేస్తే ఈసారి కూర్చుంటాను.

ఇక పిల్లల్ని పస్తు పెట్టిన సంగతి. నీకు బుద్ధుందా? నేనేదో కోపంలో చెబితే, పెద్దదానివి, నువ్వు పట్టించుకుంటావా? ఆకలితో ఉన్న పిల్ల సున్నా మర్చిపోదా? ఆ ఉత్తరం విని నాకు ముద్ద దిగలేదు. కొట్టించాకే గది వదలాలన్న మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. నిప్పులమ్మ మాట వెనక్కి తీసుకోవడం ఇదే మొదలు, కోడలు సాక్షి.

ఆయన సంగతి మీకు తెలియదు, నాకు తెలుసు. దూరాన ఎవరైనా పరిగెత్తుకొస్తూ కనపడితే తలుపుకి కాలు అడ్డం పెట్టేవాడు. లోపలున్నవాళ్ళు గొణిగినా, పై ఆఫీసరు గంట కొట్టినా కాలు తీసేవాడు కాదు. "వస్తున్నారండీ, కాస్త ఆగుదాం" అనేవాడు. ఆ ఆగడం మీదే ఎన్ని మాటలు పడ్డాడో!

అందుకని పిల్లలకి చెప్పు. ముందు తినమను. చేతులు కడుక్కుని నిమ్మళంగా రమ్మను. వాళ్ళు వచ్చేదాకా ఆయన ఆగుతాడు.

నేను చెప్పింది చెప్పినట్టు రాసి, చదివి వినిపించగా విని, ఒప్పుకుని, ఎడమ బొటనవేలితో వేసిన ముద్ర ఇది:

నిప్పులమ్మ (వేలిముద్ర)

ఎదుట ఉన్నవాళ్ళు:
రాసినది, కోడలు.
చదివినది, పక్కింటి పోస్టాయన (చొక్కా తొడుక్కునే ఉన్నాడు).